పాసుపుస్తకం తీసే ముందు

మా శింగనమలలో వాన మొహం చాటేస్తే శెనక్కాయ పెట్టుబడి కూడా చేతికి రాదు. అలాంటి ఏడాదే మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ ముగించి, "అమ్మా, నేను విమానాల మెయింటెనెన్స్ చదువుతా" అంది.

"ఆడపిల్లకు మెకానిక్కు పనా?" అంది మా అత్త. నాకైతే ఆశ్చర్యం వేయలేదు. బోరు స్టార్టర్ కాలినప్పుడల్లా వాళ్ల నాయన పక్కన టార్చి పట్టుకుని, ఏ వైరు ఎక్కడికో నేర్చుకున్న పిల్ల అది.

ఒక కాలేజీ వాళ్లు ఫోన్ చేసి, కోర్సు అవగానే లక్ష జీతం అన్నారు. మా ఆయన రెండెకరాలు అమ్మేద్దామన్నాడు. నాకు మనసొప్పలేదు. నేనూ పిల్లా కూర్చుని డీజీసీఏ వెబ్‌సైట్ చూశాం. కోర్సు సర్టిఫికెట్ వేరు, లైసెన్సు వేరట! మాడ్యూల్ పరీక్షలన్నీ పాసవ్వాలి, విమానాల మీద పనిచేసిన అనుభవమూ చూపాలి. ఇంజన్, బాడీ చూసేవాళ్లది బీ1; ఏవియానిక్స్ వాళ్లది బీ2. లైసెన్సున్నవాళ్లు సంతకం పెడితేనే రిపేరైన విమానం మళ్లీ ఎగరాలి. పెద్ద విమానాలను విప్పి బాగుచేసే హ్యాంగర్లు మన శంషాబాద్‌లోనే ఉన్నాయి.

డీజీసీఏ జాబితాలో ఆ కాలేజీ పేరు మాత్రం లేదు.

"లైసెన్సు చేతికొచ్చేదాకా కొన్నేళ్లు తక్కువ జీతమే నాయనా, ఓర్చుకుంటారా?" అని అడిగింది పిల్ల. ఆయన రాత్రంతా నిద్రపోలేదు. పొద్దున్నే, "జాబితాలో ఉన్నదానికే అప్లై చెయ్" అన్నాడు.

పొలం అలాగే ఉంది. లోను కోసం బ్యాంకు చుట్టూ తిరుగుతున్నాం. మీ పిల్లలు ఈ చదువు అడిగితే కాదనకండి. ముందు జాబితా చూడండి, తర్వాతే పాసుపుస్తకం బయటికి తీయండి.