పరాయి డిట్టో

పోకెమాన్ ఆటల్లో డేకేర్ అని ఒక ఇల్లుంటుంది. ఇంటి ముందు ఒక పెద్దాయన నిలబడి ఉంటాడు. మన దగ్గరున్న జీవాల్లో రెండింటిని అక్కడ వదిలి మన దారిన మనం తిరుగుతుంటే, వాటికి జత కుదిరినప్పుడు ఆయన ఒక గుడ్డు తెచ్చి మన చేతిలో పెడతాడు. అదెలా వచ్చిందో తనకీ తెలియదంటాడు. గుడ్డు రాకముందు వెళ్లి అడిగితే, ఆ రెండింటికీ ఎంతవరకు పొసగుతోందో ఒక్క ముక్కలో చెబుతాడు. ఆ ముక్క వెనక లెక్క ఉంది. రెండూ ఒకే జాతివై, ఇద్దరు వేరువేరు ఆటగాళ్లవైతే, ఆట పాచిక వేసిన ప్రతిసారీ గుడ్డు వచ్చే అవకాశం నూటికి సుమారు 70. ఒకే జాతివే గానీ రెండూ నావే అయితే 50. జాతులు వేరై, రెండూ నావే అయితే 20కి పడిపోతుంది.

ఇంత పెద్ద ఆటలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఈ చిన్న లెక్కే. పోరాటాలు, బ్యాడ్జీలు, లీగులు దాని తర్వాతే. నేనెంత శ్రమపడి జీవాల్ని దాచుకునే పెట్టెలు నింపుకున్నా, ఇంకొకరి దగ్గర్నుంచి వచ్చిన ఒక్క జీవం చేసే మేలు నా సొంతవి చేయవు. ఆట తయారుచేసినవాళ్లు కావాలనే ఇలా పెట్టారని నా నమ్మకం.

ఆ నమ్మకం ఊరికే కలిగింది కాదు. ఈ ఆటకి మూలపురుషుడు సతోషి తాజిరి. చిన్నప్పుడు టోక్యో శివారులో పురుగులు పట్టుకుంటూ తిరిగిన మనిషి. రెండు గేమ్‌బాయ్‌లను కలిపే కేబుల్‌ని చూసి, దాని గుండా ఒక పురుగు ఇటునుంచి అటు పాకుతున్నట్టు ఊహించుకున్నాడు. 1996లో జపాన్‌లో వచ్చిన తొలి ఆటను అందుకే రెడ్, గ్రీన్ అని రెండు రకాలుగా అమ్మారు. ఒకదాంట్లో దొరికే జీవాలు కొన్ని రెండోదాంట్లో దొరకవు, మార్పిడి చేసుకుంటే తప్ప. బ్రీడింగ్ మాత్రం అప్పటికి లేదు. ఆడ మగ తేడా, గుడ్లు, అరుదైన రంగుల్లో కనిపించే షైనీలు ఇవన్నీ 1999 నవంబరులో వచ్చిన గోల్డ్, సిల్వర్‌లతో మొదలయ్యాయి.

ఆ గోల్డ్, సిల్వర్‌లలో ఇంకో నియమం ఉండేది. రెండు జీవాల లోపలి అంకెల్లో కొన్ని కలిస్తే, ఆట వాటిని దగ్గరి రక్తసంబంధంగా లెక్కగట్టి జత కట్టనిచ్చేది కాదు. మన ఇళ్లలో పెళ్లి మాటలకి ముందు గోత్రం అడిగినట్టే. అందుకని ఒకే ఇంటి పిల్లలతో బండి నడిచేది కాదు. బయటినుంచి కొత్తదాన్ని తేవాల్సిందే, గడ్డిలో వెతికి పట్టుకునో, కేబుల్ కలిపి స్నేహితుణ్ని అడిగో. 2002లో వచ్చిన రూబీ, సఫైర్‌లకల్లా ఈ అడ్డు తీసేశారు. ఉంచి ఉంటే బాగుండేదని నాకిప్పటికీ అనిపిస్తుంది.

మిగతా నియమాలు త్వరగా చెప్పేస్తాను. జాతులన్నిటినీ గుడ్ల లెక్కన 15 గుంపులు చేశారు. ఒకే గుంపులో ఉన్న ఆడదానికీ మగదానికీ జత కుదురుతుంది, పిల్ల తల్లి జాతిదే అవుతుంది. దీనివల్ల చిత్రాలు జరుగుతాయి. స్కిట్టీ అనే పిల్లికూన పొడవు 0.6 మీటర్లు, వెయిలార్డ్ అనే తిమింగలం 14.5 మీటర్లు. రెండూ ఒకే గుంపులో ఉన్నాయి కాబట్టి వాటికి గుడ్డు వస్తుంది. పురాణ జీవాలనదగ్గవాటిలో దాదాపు దేనికీ గుడ్లు ఉండవు. ఇక డిట్టో ఉంది. గులాబీ రంగు జిగురుముద్దలా ఉంటుంది, ఎదుట ఎవరుంటే వాళ్ల రూపం ధరిస్తుంది. గుడ్డు పెట్టగల ఏ జాతితోనైనా, ఆడైనా మగైనా, రెండూ కాకపోయినా దానికి జత కుదురుతుంది. ఒక్క ఇంకో డిట్టోతో తప్ప. అంటే డిట్టోని గుడ్డు నుంచి పొదిగించలేం. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ కావాలి.

పోటీలకి తయారుచేసేవాళ్లకి అసలు పని ఇక్కడ మొదలవుతుంది. ప్రతి జీవానికీ బలం, రక్షణ, వేగం లాంటి ఆరు గుణాలున్నాయి. ఒక్కోదానికి పుట్టుకతోనే 0 నుంచి 31 దాకా ఒక అంకె పడుతుంది. దాన్నే ఐవీ అంటారు. ఆరూ 31గా దానంతటదే పుట్టాలంటే 107 కోట్లలో ఒక వంతు అవకాశం. పైగా 25 స్వభావాలు, వాటిలో మనకి పనికొచ్చేది మహా అయితే ఒకటో రెండో. ఈ కొండని ఎక్కడానికి ఆటే మెట్లు కట్టింది. 2013లో వచ్చిన ఎక్స్, వై నుంచి డెస్టినీ నాట్ అనే ఎర్ర దారాన్ని ఒక జీవానికి పట్టిస్తే, తల్లిదండ్రుల పన్నెండు అంకెల్లోంచి ఐదు పిల్లకి వస్తాయి. ఎవర్‌స్టోన్ అనే రాయి పట్టించిన దాని స్వభావం పిల్లకి దిగుతుంది. అమ్మానాన్నలిద్దరికీ ఆరూ 31 ఉన్నా, ఐదు అంకెలు ఖాయం, ఆరోది 32లో ఒక వంతు అదృష్టం. కాబట్టి తరం వెనక తరం పొదిగించాలి. పుట్టిన పిల్లల్లో మెరుగైనదాన్ని తీసి తల్లి స్థానంలోనో తండ్రి స్థానంలోనో పెట్టాలి.

పొదగడం అంటే నడవడం. ఎక్స్, వైలలో మ్యాజికార్ప్ గుడ్డుకి సుమారు 1,280 అడుగులు చాలు. డ్రటీని గుడ్డుకి 10,240. ఒంట్లో వేడి ఉండే ఫ్లెచిండర్ లాంటిదాన్ని జట్టులో పెట్టుకుంటే అవి సగమవుతాయి. ఎక్స్, వైలలో పారిస్‌ని తలపించే ల్యూమియోస్ నగరం ఉంది, మధ్యలో ప్రిజం టవర్. దాని చుట్టూ వీధి గుండ్రంగా ఉండటంతో, సైకిలెక్కి బొటనవేలితో మీట ఒకవైపు నొక్కి పట్టుకుంటే చాలు, బొమ్మ తిరుగుతూనే ఉంటుంది. సాయంత్రాలు నేను అలా ఎన్నో గుడ్లు పొదిగించాను. తెర ఆగుతుంది, గుడ్డు ఊగుతుంది, పెంకు విడుతుంది, లోపలి పిల్ల ఒక్కసారి అరుస్తుంది. అప్పుడు గుణాల పేజీ తెరిచి ఒక్కో వరసా చూడాలి. ఐదు వరసలు బాగుండి, కావలసిన ఆరోది దెబ్బతిన్న పిల్లలే ఎక్కువ.

ఇక మసుదా పద్ధతి. 2006లో డైమండ్, పెర్ల్ ఆటలు వచ్చాయి. వాటికి దర్శకుడు జునిచి మసుదా. వేరువేరు భాషల ఆటల్లోంచి వచ్చిన రెండు జీవాలకి జత కడితే షైనీ పుట్టే అవకాశం పెరిగేలా చేశారు. ఆ కిటుకు మసుదాయే బయటపెట్టాడు కాబట్టి ఆటగాళ్లు దానికి ఆయన పేరే పెట్టుకున్నారు. ఇప్పటి లెక్క ప్రకారం మామూలుగా 4,096లో ఒకటి షైనీ. ఈ పద్ధతిలో సుమారు 683లో ఒకటి.

ఇక్కడ లెక్కలోకి వచ్చేది దేశం కాదు, ఆట భాష. జపనీస్, ఇంగ్లిష్, ఫ్రెంచ్, జర్మన్, ఇటాలియన్, స్పానిష్, ఆ తర్వాత కొరియన్, 2016 నుంచి చైనీస్. మన భాష ఒక్కటీ లేదు. విజయవాడలో ఆడే పిల్లాడూ డాలస్‌లో ఉన్న వాడి పెదనాన్న కొడుకూ ఇద్దరూ ఇంగ్లిష్ ఆటే ఆడుతుంటారు కాబట్టి ఒకరి జీవం ఇంకొకరికి ఈ విషయంలో ఉపయోగపడదు. ముక్కూమొహం తెలియని ఏ జపాన్ మనిషో, ఏ జర్మనీ అమ్మాయో కావాలి. నా పెట్టెలో ఒక డిట్టో ఉంది. పేరు కటకానా లిపిలో ఉంటుంది, జపాన్‌లో దాన్ని మెటామోన్ అంటారు. కింద పట్టిన మనిషి పేరు, అదీ నాకు చదవరాని లిపిలోనే. ఇద్దరం ఒక్క మాటైనా మాట్లాడుకోలేదు, మాట్లాడుకున్నా అర్థమయ్యేది కాదు. ఆ మనిషి పట్టిన డిట్టో లేకపోతే నా షైనీల్లో సగం పుట్టేవి కావు. మనుషుల్ని కలపడానికి ఇంతకన్నా మంచి నియమాన్ని నేను ఏ ఆటలోనూ చూడలేదు.

ఆట రాసిన నియమాల పక్కన ఆటగాళ్లు పెట్టుకున్నవి కూడా ఉన్నాయి. కావలసిన పిల్ల దొరికేసరికి పెట్టెలో దాని అన్నదమ్ములు బోలెడు మిగులుతాయి. వాటిని అడవిలో వదిలేయడానికి ఒక్క నొక్కు చాలు. ఇంగితం తెలిసినవాళ్లు అలా చేయరు. ఎవరికి పోతుందో తెలియని వండర్ ట్రేడ్‌లో ఒక్కొక్కటే పంపుతారు. నాలుగైదు గుణాలు సరిగ్గా ఉండి, తల్లిదండ్రుల నుంచి మంచి ఎత్తుగడలు కూడా నేర్చుకుని పుట్టిన జీవం, నిన్నగాక మొన్న ఆట మొదలుపెట్టిన పిల్లాడి చేతికి అలా ఉత్తినే వెళ్తుంది. ఇచ్చిందెవరో వాడికి తెలియదు, పొదిగించిన మనిషి పేరు మాత్రం ఆ జీవం మీద చివరిదాకా ఉంటుంది.

ఈ శ్రమంతా తప్పించుకోవడానికి కంప్యూటర్‌లో జీవాన్ని తయారుచేసి ఆటలోకి దించేవాళ్లున్నారు. 2023లో యొకోహామాలో జరిగిన ప్రపంచ పోటీల్లో అలాంటి జీవాలతో వచ్చిన కొందర్ని అనర్హుల్ని చేశారు. రోజంతా ఉద్యోగం చేసి వచ్చేవాళ్లకి ఇన్ని గుడ్లు పొదిగించే తీరిక ఎక్కడిదని అలా తయారుచేసేవాళ్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఆట దానికి జవాబు చెప్పింది కూడా. 2016 నుంచి సీసా మూత ఇచ్చి గుణాలు పెంచుకోవచ్చు, 2019 నుంచి పుదీనాతో స్వభావం ప్రభావం మార్చుకోవచ్చు. ఈ రెండూ వచ్చాక తయారుచేసిన జీవాలకి సాకు మిగల్లేదు. అవి తయారుచేసినవని చెప్పకుండా బ్రీడింగ్ కోసం ఇంకొకరి చేతిలో పెట్టడం నా దృష్టిలో మోసం. అవతలివాడు వాటి మీద నెలల తరబడి తరాలు కడతాడు.

2024 ఏప్రిల్‌లో ఎక్స్, వై లాంటి పాత 3డీఎస్ ఆటల ఆన్‌లైన్ సేవలు ఆపేశారు, నా ల్యూమియోస్ నుంచి ఇప్పుడు దూరాన ఉన్న ఎవరికీ ఏదీ పంపలేను. 2022లో వచ్చిన స్కార్లెట్, వయొలెట్‌లలో డేకేర్ లేదు. గడ్డి మీద బల్ల వేసి పిక్నిక్ పెడితే గుడ్లు బుట్టలో దొరుకుతాయి. వండర్ ట్రేడ్ పేరు సర్‌ప్రైజ్ ట్రేడ్‌గా మారినా ఆ దారి మాత్రం తెరిచే ఉంది. మీరు ఆడుతుంటే పెట్టెలో మిగిలిన పిల్లల్ని వదిలేయకండి, పంపండి. వేరే భాషలో ఆట మొదలుపెట్టి డిట్టోలు పట్టగలిగితే రెండు ఎక్కువే పట్టి, లేనివాళ్లకి ఇవ్వండి. అవి గుడ్లలోంచి రావు, ఎవరో ఒకరు పట్టాల్సిందే.