బండి వెనక బొట్టంత ఇల్లు!

ఇల్లు ఎంత చిన్నదైతే సర్దుకోవడం అంత తేలిక అనుకుంటాం. అమెరికాలో 'టియర్‌డ్రాప్ ట్రైలర్' కొనుక్కున్న ఆలుమగల్ని అడిగితే తెలుస్తుంది, అదెంత పొరపాటో! కారు వెనక తగిలించుకుపోయే ఈ బుల్లి ఇల్లు ముందు గుండ్రంగా ఉండి, వెనక్కి పోయేకొద్దీ సన్నబడుతుంది. పక్కనుంచి చూస్తే అచ్చం నీటిబొట్టే. అందుకే ఆ పేరు.

ఇది 1930ల నాటి సరదా. 1947 సెప్టెంబరులో 'మెకానిక్స్ ఇలస్ట్రేటెడ్' పత్రిక తయారీ నమూనా అచ్చువేసింది. నాలుగడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల పొడవు... దాదాపు ఒక ప్లైవుడ్ షీటంత. లోపల పరుపు తప్ప మరేం పట్టదు. కూర్చోవచ్చు, నిలబడలేం. మరి వంటిల్లో? అది బయట! వెనక తలుపు పైకెత్తితే స్టవ్వు, గిన్నెల అరలు కనిపిస్తాయి.

చలికాలమంతా కదలకుండా ఉన్న బండిని ఎండలు మొదలవగానే రోడ్డెక్కించాలంటే ముందు చూడాల్సింది టైర్లు. తక్కువ తిరుగుతాయి కాబట్టి గాళ్లు అరగవు, కొత్తవాటిలా మెరుస్తుంటాయి. కానీ రబ్బరుకీ వయసుంటుంది. టైరు పక్కన అచ్చువేసిన అంకెల్లో చివరి నాలుగూ దాని పుట్టినరోజు చెబుతాయి. '2319' అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందన్నమాట. అయిదారేళ్లు దాటితే పైకి ఎంత బాగున్నా మార్చేయడమే మేలు. తర్వాత జాకీ మీద లేపి చక్రాన్ని చేత్తో తిప్పాలి. గరగరమన్నా, పట్టుకుని ఊపితే కదిలినా బేరింగులు చూడాల్సిందే. ఏడాదికోసారి వాటికి కొత్త గ్రీజు పెట్టాలి.

కారుకీ ట్రైలరుకీ బంధం కలిపేది ఓ ఇనుప గుండు. అసలు చిక్కు ఇక్కడే. గుండు సైజు ఒకటి, దానిమీద కూర్చునే టోపీ సైజు మరొకటి అయినా ఒక్కోసారి తగులుకున్నట్టే కనిపిస్తుంది. గతుకు రాగానే ఊడిపోతుంది! రెండిటి మీదా సైజు రాసే ఉంటుంది, చదివి సరిపోల్చుకోవాలి. దానికి తోడు రెండు గొలుసుల్ని అడ్డదిడ్డంగా, అంటే కుడిది ఎడమకీ ఎడమది కుడికీ తగిలిస్తారు. ఒకవేళ ఊడినా ముందు కొస నేలకి గుచ్చుకోకుండా ఆ గొలుసుల ఉయ్యాల్లో ఆగుతుంది.

ఇక ఇంటాయనకీ ఇంటావిడకీ మాటామాటా వచ్చేది బరువు దగ్గరే. ఎద్దుబండి తోలినవాళ్లకి ఈ లెక్క కొత్తకాదు. వెనక బరువెక్కువైతే నొగలు పైకి లేస్తాయి. ట్రైలరూ అంతే. మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ముందు కొస మీద పడాలి. సామాన్లతో కలిపి 500 కిలోలుంటే, 50 నుంచి 75 కిలోలు. అంతకు తగ్గితే వేగం మీద ట్రైలరు పాము తోకలా ఊగి కారుని కూడా లాగేస్తుంది. తమాషా ఏమిటంటే వంటిల్లు ఉన్నది వెనకే! తెలుగు ఇల్లాలైతే కుక్కరు, బియ్యం డబ్బా, ఆవకాయ జాడీ అక్కడే సర్దుతుంది. పైగా ఇరవై లీటర్ల నీళ్లంటే ఇరవై కిలోలు. పాపం, ఆయన బాత్రూంలోని బరువుతూచే యంత్రం తెచ్చి ముందు కొస కింద పెడతాడు. అది చూపించే అంకె ముందు ఇద్దరి వాదనా చెల్లదు. నీళ్ల క్యానూ, బియ్యం డబ్బా కారులోకి మారతాయి. జాడీ ఉంటుంది!

గ్యాసుతో మాత్రం రాజీ లేదు. గొట్టాల అతుకుల మీద సబ్బునీళ్లు రాసి బుడగలొస్తాయేమో చూడాలి. వాన పడుతోందనో చలేస్తోందనో లోపల స్టవ్వు వెలిగించకూడదు. కార్బన్ మోనాక్సైడుకి రంగూ వాసనా ఉండవు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. అందుకే దాన్ని పసిగట్టే అలారం తప్పనిసరి. గాలి ఆడే కిటికీ కాస్త తెరిచి ఉంచితే ఇద్దరి ఊపిరి తేమకి తెల్లారేసరికి గోడలు చెమర్చవు కూడా.

అన్నీ అయ్యాక తెలివైనవాళ్లు ఒక రాత్రి ఇంటి ముందే అందులో పడుకుంటారు. మర్చిపోయిన టార్చిలైటూ, చాలని దుప్పటీ అక్కడే బయటపడతాయి. బయల్దేరాక మొదటి 80 కిలోమీటర్లకి ఆగి చక్రాల నట్లు మళ్లీ బిగించాలి. కాలిఫోర్నియాలో అయితే ట్రైలరు లాగే బండి గంటకి 55 మైళ్లు దాటకూడదు.

తిరిగొచ్చాక మరో పని ఉంది. వాడని వస్తువులన్నీ తీసేస్తే వచ్చేసారి బండి తేలికవుతుంది. స్టెప్నీ, మందుల పెట్టె, మంటలార్పే సిలిండరు... ఈ మూడూ మాత్రం తీయకూడదు. అవి వాడకుండా వెనక్కొస్తేనే ప్రయాణం బాగా జరిగినట్టు!