జబ్బలకి ఆపరేషన్ చేయించుకున్నానండీ

రెండేళ్ళలో 32 కిలోలు తగ్గాను. మొహం, నడుం బాగానే తేరుకున్నాయి గానీ, జబ్బల కింద చర్మం ఖాళీ సంచిలా వేలాడిపోయింది. "ఎక్సర్‌సైజ్ చెయ్యి, అదే బిగుస్తుంది" అన్నారంతా. చేశాను. డంబెల్స్‌తో లోపలి కండ గట్టిపడుతుంది, సాగిన చర్మం మాత్రం వెనక్కి పోదు. ఎండాకాలం చంకల దగ్గర ఒరుసుకుపోయి ఒకటే మంట. చివరికి బ్రాకియోప్లాస్టీ చేయించుకున్నాను. చాలామంది అడుగుతున్నారు, అందుకని అందరికీ ఒకేసారి చెబుతున్నాను.

డాక్టరుగారు ముందు అడిగింది బరువు నిలకడగా ఉందా అని. మళ్ళీ పెరిగితే చేసినదంతా వృథా. చర్మం బిగువుగా ఉండి కొవ్వే ఎక్కువైతే లైపోసక్షన్ చాలట. నాకు చర్మమే ఎక్కువ కాబట్టి చంక నుంచి మోచేతి దాకా లోపలివైపు కోత పడింది. ఆ పొడుగునా మచ్చ ఉండిపోతుంది. నెలల తరబడి ఎర్రగా ఉండి, తరవాత మెల్లగా పలచబడుతుంది. చెవులు కుట్టించుకున్నచోట గడ్డ కట్టిన ఒళ్ళయితే ఆ మాట డాక్టరుకి ముందే చెప్పండి, ఈ మచ్చా అలాగే లేవొచ్చు.

మత్తిచ్చి చేశారు. లేచేసరికి రెండు చేతులకీ కట్లు, లోపల నీరు చేరకుండా సన్నటి గొట్టాలు. ఆ తరవాత వారాల తరబడి బిగుతు స్లీవ్. నొప్పి మాత్రలకి లొంగింది. చేతులు ఎత్తలేకపోవడమే కష్టం. జడ వేసుకోలేను, పై అలమారలో డబ్బా అందుకోలేను. నెల దాకా బరువులు వద్దన్నారు. అంటే కుక్కర్, తడిబట్టల బకెట్, నీళ్ళ బిందె ఏదీ ముట్టుకోకూడదు. అందుకే ఆపరేషన్ తేదీకన్నా ముందు, వంట ఎవరు చేస్తారో ఖాయం చేసుకోండి. రెండో వారానికే మా ఆయన "ఇంకా తగ్గలేదా?" అన్నారు. క్యాలెండర్‌లో నెలరోజులకి గీసిన ఎర్రగీత చూపించాను. మాట్లాడకుండా వెళ్ళి పప్పు కడిగారు.

జ్వరం వచ్చినా, చీము కనబడినా, ఒక చెయ్యి ఉన్నట్టుండి వాచినా, ఆయాసం వచ్చినా తెల్లారేదాకా ఆగొద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.

అందం కోసమని ఇన్సూరెన్స్ ఇవ్వలేదు. నా పుట్టింటి గాజులు అమ్మాను. "ఆ డబ్బుతో పిల్లకి గొలుసు వచ్చేదిగా" అన్నారు అత్తగారు. "ఈ చేతులతో ఇరవై ఏళ్ళు వండాను అత్తయ్యా, ఒక్కసారి వీటికీ ఖర్చు పెట్టాను" అన్నాను.

ఇప్పుడు ఎనిమిది నెలలు. లోపలివైపు ఇంకా కాస్త మొద్దుబారినట్టుంది. మంట లేదు. చెయ్యెత్తితే మచ్చ కనబడుతుంది. దానితో బతకగలననుకుంటే చేయించుకోండి. వద్దనుకుంటే మోచేతుల జాకెట్టు ఉండనే ఉంది, అందులో చిన్నతనమేమీ లేదు.