సీలు ఎక్కించే చేయి

విజయవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్డు. మా కారు పవర్ స్టీరింగ్ పంపు ముక్కలుగా విప్పి ఉంది. మేస్త్రి అరచేతిలో నల్లటి ఆయిల్ సీలు, పెదవిలాంటి లోపలి అంచు వెనక సన్నటి స్ప్రింగు చుట్ట.

"స్ప్రింగున్న వైపు ఆయిల్ వైపుకే ఉండాలండీ" అన్నాడు.

పోయినసారి వేరేచోట వేయించిన సీలు నెల తిరక్కుండానే కారింది. ఇప్పుడు విప్పితే తెలిసింది, ఎక్కించేటప్పుడే దాని పెదవి చీరుకుపోయిందని.

ఈయన తొందరపడలేదు. సీలుని గూట్లో పెట్టి, దానంత వెడల్పున్న సాకెట్ ఆనించి, ఒక పక్కకి ఒరగకుండా చిన్నచిన్నగా తట్టాడు. షాఫ్టు మీది గాడి అంచు కత్తిలా ఉంది. దానికి పల్చటి టేపు చుట్టాడు. పెదవికి ఆయిల్ రాశాడు. షాఫ్టుని మెల్లగా తిప్పుతూ లోపలికి పంపాడు.

మలారం దించుకుని మా అరుగు మీద కూర్చునే గాజులమ్మ గుర్తొచ్చింది. చెల్లి చేతికి సబ్బునీళ్ళు రాసి, వేళ్ళు దగ్గరికి నొక్కి, కబుర్లు చెబుతూనే మట్టిగాజులు ఎక్కించేది. ఒక్కటి చిట్లినా ఆవిడ ముఖం చిన్నబోయేది.

కార్లలో పవర్ స్టీరింగ్ 1951లో క్రైస్లర్ ఇంపీరియల్‌తో అమ్మకానికొచ్చింది. ఒక్క చేత్తో చక్రం తిప్పేస్తూ మనం అనుభవించే ఆ సుఖం వెనక, కంటికి కనపడని ఇలాంటి చేతులెన్ని ఉన్నాయో!

ఇంటికొచ్చి ఆ రాత్రి కారు కింద అట్టముక్క పరిచాను. తెల్లారి చూస్తే పొడిగా ఉంది.