కోరా బట్ట, పాత చొక్కా



హాస్టలుకు వెళ్లబోతున్న మన అమ్మాయి బొంత ఎంతవరకు వచ్చిందని చాలామంది అడుగుతున్నారు. ఇంటికొక గడి చొప్పున 24 ఇళ్ల నుంచి 24 గడులు అందాయి. వాటిలో 23 కొలతకు సరిపోయాయి. ఈ ఉత్తరం మిగిలిన ఆ ఒక్క గడి గురించి.

లెక్క మరొకసారి చెబుతాం. గడికి తొమ్మిది ముక్కలు. ఒక్కో ముక్క నాలుగున్నర అంగుళాలు. కుట్టు పడిన ప్రతిచోట రెండు వైపులా పావు అంగుళం లోపలికి పోతుంది గనుక మూడు ముక్కలు కలిస్తే పన్నెండున్నర అవుతుంది. పక్క గడితో కలిపాక పైకి కనబడేది 12 అంగుళాలు. వెడల్పున నాలుగు, పొడవున ఆరు గడులు పెడితే 48 అంగుళాలకు 72. ఆరడుగుల బొంత, కాళ్లు ముడుచుకోనక్కర లేదు.

అవ్వ తెచ్చిన గడి ఒక వైపు 11 అంగుళాలు, ఇంకో వైపు పదిముప్పావు. ఆమె టేపు పట్టదు, వేళ్లతోనే కొలుస్తుంది. అది ఆ అమ్మాయి తాత చొక్కా. ఆ పిల్లను పెంచింది ఆయనే. చొక్కాలో వీపు భాగం తప్ప అంతా చిరిగిపోయింది, ఆ వీపు మొత్తం ఈ గడికే అయిపోయింది. మళ్లీ కుట్టమందామంటే గుడ్డ లేదు. "అయ్యగారూ, పట్టకుంటే తీసెయ్యండి" అని అవ్వ ఒక్క మాట అని గడప దిగిపోయింది.

తీసెయ్యడం మాకు ఒప్పలేదు. అయితే ఒక సహోదరి, మిగతా 23 గడులనూ దీని కొలతకు కత్తిరిద్దామన్నది. ప్రేమగల మాటే గాని లెక్క చూడండి. అప్పుడు బొంత 42 అంగుళాలకు 63 అవుతుంది. పొడవులో 9 అంగుళాలు తగ్గితే చలికాలంలో పిల్ల పాదాలు బయటే. పైగా గడి చుట్టూ ముప్పావు అంగుళం తీసేస్తే చివరి ముక్కలు సన్నబడి, నడిమి ముక్క ఒక్కటే పెద్దదిగా మిగిలి, 23 ఇళ్ల పని పాడైపోతుంది.

ఉపవాసం గురించి అడిగినవారికి ప్రభువు చెప్పిన మాసిక మాట మీకు తెలుసు. మత్తయి, మార్కు రాసినదానిలో కొత్త గుడ్డ పాత బట్టను చింపుతుంది. లూకా 5వ అధ్యాయంలో మాత్రం మాసిక కోసం కొత్త బట్టనే చింపుతారు, అదీ పాడవుతుంది. ఆ తేడా మీద మేము ఏనాడూ ప్రసంగం చేయలేదు. కత్తెర చేతిలో ఉన్నప్పుడే అది కనబడింది.

మన అమ్మలు కుట్టిన బొంతలకు ఈ తిప్పలు లేవు. పాత చీరలు పొరలుగా పరచి, పొడుగు కుట్లు వేసుకుంటూ పోవడమే. ఉత్తర కన్నడలోని సిద్దీ స్త్రీలు తమ కవండి బొంతను అంచు నుంచి మొదలుపెట్టి నడిమికి కుట్టుకుంటూ వస్తారట. చేతికి దొరికిన ముక్క ఏ సైజుదైనా ఇముడుతుంది. గడుల బొంత అలా కాదు, పొరుగు గడి కొలత తనకూ ఉండాలి.

కాబట్టి పెద్దవాటిని తగ్గించకుండా చిన్నదానికి చుట్టూ పట్టీ వేయాలని తేల్చుకున్నాం. పాస్టరమ్మా మేమూ బస్సు దిగి, నయాపూల్ మీదుగా మూసీ దాటి, మదీనా నుంచి పత్తర్‌గట్టి రాతి కమానుల కిందికి నడిచాం. 1908 వరద తర్వాత ఏడో నిజాం కాలంలో కట్టిన బజారు అది. చార్మినార్ చూస్తూ నడిచేవాళ్ల భుజాలు తగులుతూనే ఉంటాయి. పాస్టరమ్మ రంగుల వైపు చూడనే లేదు, చొక్కా చారలు కనబడాలంటే తెల్లటిది కావాలన్నది. కట్ పీసుల దుకాణంలో ఒక పెద్దాయన మీటరు కొలిచి ఇస్తూ, "కోరా కపడా హై, పైలే పానీ మే డాలో" అన్నాడు. ముందు నీళ్లలో వేయమని.

మత్తయి, మార్కు వాడిన గ్రీకు మాట అగ్నఫోస్. చాకలి చేయి పడని గుడ్డ అని దాని అర్థం. సెమినరీలో దాన్ని పరీక్ష కోసం బట్టీ పట్టాం. మనం రోజూ అనే 'కోరా' దానికి అంత సరిపోయే మాట అని పత్తర్‌గట్టిలో తెలిసింది. ఉతకని నూలు గుడ్డ నూరు అంగుళాలకు మూడు నుంచి అయిదు అంగుళాలు ముడుచుకోవచ్చు. తాత చొక్కా ఎన్నో ఉతుకులు చూసింది, అది ఇక ముడుచుకునేది లేదు. కోరాను అలాగే కుట్టి ఉంటే మొదటి ఉతుకులోనే చారలన్నీ ముడతలు పడేవి.

రాత్రంతా నానబెట్టి, గంజి పోయేదాకా పిండి, ఆరేసి, ఇస్త్రీ చేశాం. లెక్కకు ఒకటింపావు అంగుళం పట్టీ చాలు. మేము రెండు అంగుళాలది కత్తిరించాం, ఎందుకంటే వేళ్ల కొలత గడి మూలలు సరిగా ఉండవు. ముందు రెండు పక్కలా, ఆపైన కిందా మీదా కుట్టాక గడి 14 అంగుళాల దాకా పెరిగింది. నడిమి నుంచి నాలుగు వైపులా ఆరుంపావు కొలిచి, మిగిలినది కోశాం. పన్నెండున్నర వచ్చింది. కత్తెర పట్టీకే తగిలింది, చొక్కాకు తగలలేదు.

అవ్వ వచ్చి ఆ తెల్ల అంచు మీద వేలు నడిపి, "ఈ గుడ్డ ఉతికిండ్రా?" అని అడిగింది. ఉతికామన్నాం. పై వరుసలో, తల దగ్గర పెట్టమన్నది.

అస్తరు పరచి కలిపే పని శనివారం మధ్యాహ్నం. పెద్ద సూదులు, ఉంటే వేలితొడుగులు తెచ్చుకోండి. ఉతికిన కోరా ముప్పావు మీటరు పైగా మిగిలింది, ఆరాధన గది బీరువాలో మడతపెట్టి ఉంది. ఇంకెప్పుడైనా ఎవరి గడి చిన్నదైతే తీసుకెళ్లండి.