రాణిగంజ్‌లో ఒక వాషరు కోసం

సికింద్రాబాద్‌లో రాణిగంజ్ చౌరస్తా దాటి రాంగోపాల్‌పేట్ వైపు నడుస్తుంటే పంపులు, మోటర్లు, పైపుల కట్టలు, గొలుసులు, బోల్టులు దుకాణాల్లో పట్టక ఫుట్‌పాత్ మీదికి వచ్చేసి ఉంటాయి. సేఠ్ రాంగోపాల్ పేరు మీద వెలసిన పేట ఇది. జేమ్స్ స్ట్రీట్ మహాత్మా గాంధీ రోడ్డుగా మారి ఏళ్లు గడిచినా ఎంఎంటీఎస్ స్టేషన్‌కు ఇంకా ఆ పాత పేరే. గడియారపు బురుజున్న పాత పోలీస్ స్టేషన్ భవనం కూడా ఈ రోడ్డు మీదే ఉంది. చూడదగ్గవి ఇక్కడ చాలానే ఉన్నాయి కానీ నేను వచ్చింది ఒక రబ్బరు వాషరు కోసం.

మా బాత్రూంలో ఫ్లష్ ట్యాంకు ఆగకుండా పొంగుతోంది. పాతకాలం ట్యాంకు కాబట్టి నీళ్లు పక్కనున్న చిన్న గొట్టం నుంచి నేల మీదికి కారుతున్నాయి. చూడటానికి వచ్చిన ప్లంబర్ మొత్తం ట్యాంకు మార్చాల్సిందే అన్నాడు. అందుకు మనసొప్పలేదు. యాంగిల్ కాక్ కట్టేసి, ట్యాంకు నిండగానే నీళ్లు ఆపాల్సిన బాల్ కాక్ విప్పి, సంచిలో వేసుకుని ఇటొచ్చాను.

నేను వెళ్లిన దుకాణం ఇరుకైనది. గోడ పొడవునా చెక్క అరలు, ఒక్కో అర ముందు లోపలున్న సామాను ఒకటి సన్నటి తీగతో కట్టి ఉంది. పేర్లు రాసిన చీటీలు ఎక్కడా లేవు. స్టూలు మీద కూర్చున్న పెద్ద మిస్త్రీ నా చేతిలోది తీసుకుని, మొదట ప్లాస్టిక్ బంతిని చెవి దగ్గర పెట్టి ఊపాడు.

"నీళ్లు జొరలేదు, బాల్ మంచిగనే ఉంది. ట్యాంకు మార్చాల్నని ఎవరు చెప్పిన్రు సార్?"

"ప్లంబర్ చెప్పాడన్నా."

"ట్యాంకు పలిగిందా? లేదు గదా. మరి మార్చుడెందుకు?"

కటింగ్ ప్లయర్‌తో పిన్ను లాగి, కడ్డీ పక్కన పెట్టి, లోపలి ఇత్తడి పిస్టన్ బయటికి తీశాడు. దాని కొసన నల్లటి వాషరు. గోటితో దాని మీద గీరి నాకు చూపించాడు. నడుమ గుండ్రంగా లోతైన గాడి పడి ఉంది. నీళ్లొచ్చే రంధ్రం అంచు ఇన్నేళ్లుగా ఒత్తీ ఒత్తీ చేసిన గాడి అది. రబ్బరు గట్టిపడిపోయింది, చుట్టూ బోరు నీళ్ల సున్నం తెల్లగా పేరుకుంది. బంతి పైకి లేచి, కడ్డీ పిస్టన్‌ను ఎంత నెట్టినా ఆ గాడిలోంచి సన్నటి ధార వస్తూనే ఉంటుంది.

"మీది కింది ఫ్లోరా సార్?" అని అడిగాడు. అవునన్నాను. "అందుకే. మీద ట్యాంకు నుంచి ప్రెషర్ అంతా కిందికే వస్తది. కింది ఇండ్లల్ల వాషర్లు జల్ది పోతయ్."

అతని మాటలో లెక్క ఉంది. ట్యాంకు పది మీటర్ల ఎత్తున ఉంటే కింద సుమారు ఒక బార్ ఒత్తిడి పడుతుంది. ఎత్తు పెరిగేకొద్దీ ఒత్తిడీ పెరుగుతుంది. అందరూ పడుకున్నాక పై అంతస్తుల వాడకం ఆగి పైపులో ఒత్తిడి ఇంకా బిగుస్తుంది. పగలు ఊరుకున్న ట్యాంకు అర్ధరాత్రి పొంగడానికి కారణం చాలా ఇళ్లలో ఇదే.

కొత్త వాషరు ఒక చాయ్ ఖరీదు కూడా కాదు. అతనే బిగించి, సున్నం గీకి, కడ్డీని రెండు చేతులతో కొద్దిగా కిందికి వంచి ఇచ్చాడు. అలా వంచితే బంతి ముందే పైకి లేచినట్టయి, నీటిమట్టం పొంగు గొట్టం మూతికి ఓ అంగుళం కింద ఆగిపోతుంది. కొత్త రకం ట్యాంకుల్లో ఈ పని ఒక చిన్న స్క్రూ చేస్తుంది. వాటిలో వాషరు బదులు పల్చటి రబ్బరు పొర ఉంటుంది, దానికి సూది మొన అంత రంధ్రం. ఓవర్‌హెడ్ ట్యాంకు అడుగున పేరుకున్న ఇసుక రేణువు ఒకటి అందులో ఇరుక్కుంటే చాలు, పొర వెనక ఒత్తిడి నిలవదు, నీళ్లు ఆగవు. మూత విప్పి పొరను మంచినీళ్లతో కడిగితే చాలాసార్లు అదే సర్దుకుంటుంది.

అక్కడ కూర్చున్నంతసేపూ నన్ను వేధించిన సంగతి వేరే ఉంది. మా ట్యాంకు పాతది కాబట్టి దాని పొంగు నేల మీద పడింది, నాకు కనిపించింది. బ్రిటన్‌లో ఇలాంటి గొట్టాన్ని హెచ్చరిక గొట్టం అనేవారు, ఇంటివాళ్ల కంట పడాలనే దాన్ని బయటికి పెట్టేవారు. ఇప్పటి ట్యాంకుల్లో పొంగు గొట్టం లోపలే ఉంటుంది. నీళ్లు చప్పుడు లేకుండా కమోడ్ లోపలి గోడ మీదుగా జారి డ్రైనేజీలోకి పోతాయి. నేల తడవదు, ఎవరికీ తెలియదు. శుభ్రంగా ఉండటం మంచిదే, కాదనను. కానీ నష్టాన్ని దాచిపెట్టే ఏర్పాటు మంచి ఏర్పాటు కాదని నా గట్టి అభిప్రాయం.

ఇటు రాకముందే మా ట్యాంకు గొట్టం కింద లీటరు సీసా పెట్టి చూశాను. నిండటానికి అయిదు నిమిషాలు పట్టింది. అంటే రోజుకు 288 లీటర్లు. మన దేశ ప్రమాణాల ప్రకారం పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు చాలు. ఇద్దరు మనుషుల నీళ్లు ఒక అరిగిన రబ్బరు ముక్క మింగేస్తోందన్నమాట. ధార ఇంకాస్త లావై నిమిషానికి లీటరైతే నెలకు 43,200 లీటర్లు. హైదరాబాద్ జలమండలి 2021లో మొదలుపెట్టిన ఉచిత పథకంలో ఒక ఇంటికి ఇచ్చేది నెలకు 20,000 లీటర్లు.

ఆ నీళ్లు ఊరికే రావు. ఒకప్పుడు ఈ నగరానికి 1920లో కట్టిన ఉస్మాన్‌సాగర్, 1927 నాటి హిమాయత్‌సాగర్ జలాశయాలే ఆధారం. ఇవాళ నగరం దాహం తీర్చేది ముఖ్యంగా నాగార్జునసాగర్ నుంచి కృష్ణ, ఎల్లంపల్లి నుంచి గోదావరి. రెండూ నూరు కిలోమీటర్లకు పైగా పైపుల్లో నడిచి, కరెంటు మోటర్లు ఎత్తిపోస్తేనే వస్తాయి. ఇంటికొచ్చాక సంపులోంచి మన మోటరు మళ్లీ మేడ మీదికి ఎక్కిస్తుంది. రోజు విడిచి రోజు నల్లా వచ్చే వీధుల్లో బిందెలు వరసలో ఉంటాయి, పక్క అపార్టుమెంట్లో అవే నీళ్లు రాత్రంతా కమోడ్‌లోకి జారుతుంటాయి.

ఆ వృథాను ఒక వాషరుతో ఆపేది ఈ చిన్న దుకాణాలే, వీటి మీద నాకు గౌరవం పెరగడానికి కారణం అదే. వాషరు విడిగా దొరికినంత కాలమే బాల్ కాక్ బతుకుతుంది. కొత్త మోడళ్లలో చాలావాటికి లోపలి ముక్క విడిగా అమ్మరు, సెట్టు మొత్తం కొనాలి. "పదేండ్ల కిందటి మోడల్ సామాన్ అడుగుతరు సార్, కంపెనీ బంద్ చేసింది, నేనేడికెల్లి తేవాలె?" అన్నాడు మిస్త్రీ. విడి భాగాలు కనీసం పదిహేనేళ్లు దొరకాలని కంపెనీల మీద నిబంధన పెట్టాలి. ట్యాంకు లోపలి గోడ మీద ఆ భాగాల నంబర్లు అచ్చువేయాలి.

అంతవరకు మన పని మనం చేద్దాం. ఈ రాత్రి మీ ఫ్లష్ ట్యాంకు మూత తీసి, బట్టలకు వాడే నీలిమందు నాలుగు చుక్కలు వేయండి. అరగంట ఎవరూ ఫ్లష్ చేయొద్దు. కమోడ్‌లో నీలం కనిపిస్తే నీళ్లు పోతున్నట్టే. మట్టం పొంగు గొట్టం మూతిని తాకుతుంటే తప్పు బాల్ కాక్‌ది, బంతిని చేత్తో పైకెత్తి చూడండి. ధార ఆగితే కడ్డీ వంచితే చాలు, ఆగకపోతే వాషరు మార్చాలి. మట్టం అంతకంటే కిందే ఉంటే అడుగున ఫ్లష్ వాల్వు రబ్బరు అరిగింది. ఏదైనా సరే, పాత ముక్కను విప్పి చేత పట్టుకుని దుకాణానికి వెళ్లండి. ఫోన్లో ఫొటో చూపిస్తే సైజు తెలియదు.