గొట్టం మైకులు, తాతయ్య చెవులు

తాతయ్య నుంచి మా ఇంటికొచ్చిన ఆస్తి పెద్దగా ఏమీ లేదు. ముప్పావు ఎకరం పొలం, ఒక రేకుల షెడ్డు, ఆ షెడ్డులో రెండు గొట్టం మైకులు, రెండు చెక్క స్పీకర్ బాక్సులు. పొలం సంగతి నాన్న, బాబాయి కూర్చుని తేల్చుకున్నారు. మైకుల ఊసు ఎవరూ ఎత్తలేదు. ఎవరికీ అక్కర్లేదు కాబట్టి అవి నాకొచ్చాయి.

మాది తెనాలి దగ్గర పల్లెటూరు. నాటకాలకి పెట్టింది పేరు ఆ ప్రాంతం. స్టేజీ మీద రాగం తీస్తే ఆఖర్న చాప మీద కూర్చున్న ముసలమ్మకి కూడా వినపడాలి. ఆ బాధ్యత తాతయ్యది. పెళ్లిళ్లు, శ్రీరామనవమి పందిళ్లు, ఎన్నికల ప్రచారం, అన్నిటికీ ఆయన సెట్టే. ఊళ్లో ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్లు తక్కువ. అందరికీ "మైకాయన".

ఆయన చదివింది ఐదో తరగతి. కానీ గుడి దగ్గర్నుంచి చెరువు గట్టు దాకా వైరు లాగాల్సి వస్తే ఆంప్లిఫయర్ వెనక 8 ఓమ్స్ టెర్మినల్ ముట్టుకునేవాడు కాదట, 100 వోల్ట్ లైన్‌కే కలిపేవాడట. ఎందుకో నాకు సెకండియర్‌లో గానీ తెలియలేదు. 30 వాట్లు 8 ఓమ్స్ మీద పంపితే దాదాపు 1.9 ఆంపియర్లు పారుతుంది. అదే 100 వోల్ట్‌ల మీదైతే 0.3 చాలు. వైరులో వేడిగా పోయే పవర్ కరెంట్ వర్గాన్ని బట్టి ఉంటుంది కదా, లెక్కేస్తే నష్టం 40 వంతులు తగ్గిపోతుంది. మనం బోర్డు మీద రాసుకున్న ఐ స్క్వేర్ ఆర్, ఆయన చెరువు గట్టు మీద వాడుకున్నాడు.

గొట్టం కూడా ఊరికే పెట్టింది కాదు. మామూలు కోన్ స్పీకర్‌కి మనం ఇచ్చే కరెంటులో నూటికి ఒకటో రెండో వంతులే శబ్దం అవుతాయి, మిగతాదంతా వేడి. గొట్టం సన్నగా మొదలై మెల్లగా విచ్చుకుంటుంది కాబట్టి లోపలి చిన్న డయాఫ్రమ్‌కీ బయటి గాలికీ పొత్తు కుదురుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ కరెంటుకి చేసే పనే ఇది గాలికి చేస్తుంది. అందుకే చిన్న ఆంప్లిఫయర్‌తో ఊరంతా మోగేది.

ఆ మోతే తాతయ్యని తినేసింది. ఆఖరి పదేళ్లూ ఆయనకి సరిగ్గా వినపడలేదు. మనం మాట్లాడుతున్నామని తెలిసేది, ఏం మాట్లాడుతున్నామో తెలిసేది కాదు. పెద్ద శబ్దాల వల్ల వచ్చే చెవుడు ఇలాగే ఉంటుంది. ముందు పై స్థాయి శబ్దాలు పోతాయి, అంటే స, శ లాంటి అక్షరాలు. 85 డెసిబెల్స్ దగ్గర రోజుకి ఎనిమిది గంటలు పర్లేదంటారు. ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ టైము సగం చేసుకుంటూ పోతే 100 దగ్గర మిగిలేది పావుగంట. గొట్టం పక్కన 100 దాటడం మామూలే. ఆయన దాని కింద తెల్లవార్లూ కూర్చునేవాడు.

అందుకే వాటిని బాగుచేస్తానంటే నాన్న ఒప్పుకోలేదు. "మా నాన్న చెవులు తిన్నవి అవేరా. పాతసామాన్ల వాడికి వేసెయ్" అన్నాడు. నానమ్మ మాత్రం "మన పొయ్యి వెలిగింది వాటితోనే" అంది. ఇద్దరిదీ నిజమే. నేను సంక్రాంతి సెలవుల్లో స్క్రూడ్రైవర్ తీసుకుని షెడ్డులోకెళ్లాను.

ముందు బాక్సులు. మల్టీమీటర్ పెడితే 8 ఓమ్స్ స్పీకర్లు రెండూ ఆరున్నర దగ్గర చూపించాయి, అంటే కాయిల్స్ బతికే ఉన్నాయి. ఒకదాని కోన్ చుట్టూ అంచు కాగితంది, చెక్కు చెదరలేదు. రెండోదానిది ఫోమ్, ముట్టుకుంటే పొడిపొడిగా రాలింది. మన తేమకి ఫోమ్ అంతే. మధ్యలో ఉన్న టోపీ కోసి తీసి, కాయిల్ చుట్టూ పాత ఎక్స్‌రే ఫిల్మ్ ముక్కలు దోపి, కాయిల్ సరిగ్గా మధ్యలో నిలబడ్డాక కొత్త అంచు అంటించాను. రాత్రంతా ఆరనిచ్చి, ముక్కలు లాగేసి, రెండు చేతుల వేళ్లతో కోన్‌ని సమంగా నొక్కి చూశాను. గరగర రాలేదు. ట్వీటర్ దగ్గరున్న కెపాసిటర్ మీద 4.7 మైక్రోఫారడ్ అని ఉంది, కొలిస్తే 3 కూడా లేదు. లోపలి ద్రవం ఎండిపోయింది. కొత్తది వేశాను.

తర్వాత గొట్టాలు. ఒక యూనిట్‌లో కాయిల్ తెగిపోయింది. కొత్త డయాఫ్రమ్ దొరికింది. బిగించే ముందు అయస్కాంతం సందులో చేరిన ఇనుప రజను టేపు అంటించి అంటించి తీశాను. గంటన్నర పట్టింది. ఆ గంటన్నరలో ఒకటే ఆలోచన. తెగిన కాయిల్‌కి బజార్లో ఇంకోటి దొరుకుతుంది. చెవి లోపల చచ్చిపోయిన కణాలు మాత్రం మళ్లీ మొలవవు.

నాన్న రెండు షరతులు పెట్టాడు. గొట్టాలు ఇంట్లో మోగకూడదు. బాక్సులు ఎంతలో పెట్టాలో ఆయనే చెప్తాడు. నాకు న్యాయంగానే అనిపించింది. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నిబంధనలు కూడా ఇళ్ల మధ్య పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ అనే చెప్తున్నాయి. ఇప్పుడు సాయంత్రం పూట నానమ్మ మంచం దగ్గర బాక్సులు మోగుతాయి. నాబ్ తిప్పేది నాన్నే. మొదటిరోజు బాగా తగ్గించి, కాసేపు విని, ఇంకొంచెం తగ్గించాడు. తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. ఏమీ అనలేదు.

మీ ఇళ్లల్లో కూడా అటకల మీద పాత స్పీకర్లు ఉండే ఉంటాయి. పారేసే ముందు ఒకసారి మల్టీమీటర్ పెట్టి చూడండి. 1.5 వోల్ట్ బ్యాటరీ ప్లస్‌ని ప్లస్‌కి తాకిస్తే కోన్ ముందుకి రావాలి. జతలో ఒకటి ముందుకి, ఒకటి వెనక్కి వెళ్తే వైర్లు తిరగబడ్డట్టే, రెండూ కలిపి మోగిస్తే బాస్ చచ్చిపోతుంది. కోన్‌ని తడిగుడ్డతో తుడవకండి, మెత్తటి పొడి బ్రష్ చాలు. ఎండ తగలనివ్వకండి. ఇక హాస్టల్లో ఇయర్‌ఫోన్స్ ఫుల్ పెట్టుకుని పడుకునేవాళ్లకి ఒక్క మాట. తాతయ్య గొట్టం ఆయనకి మూరెడు దూరంలోనైనా ఉండేది. మనది చెవిలోనే ఉంది.